సీటు కింద తీగ

గురునాథరావు కాళ్ళకి ఒక జబ్బుంది. తనకంటే పెద్దవాడు కంటబడితే చాలు, అవి అతన్ని అడగకుండానే లేచి నిలబడతాయి. అన్నం ముందు కూర్చున్నా అంతే, బస్సులో కిటికీ పక్క సీటు దొరికినా అంతే. వాళ్ళ నాన్న పద్మనాభంలో ఒక కామందు దగ్గర పాలికాపుగా బతుకంతా వెళ్ళబుచ్చాడు. కామందు వీధి మలుపు తిరగకముందే, ఆయన కిర్రుచెప్పుల చప్పుడుకే ఇంటిల్లిపాదీ లేచి నిలబడేవారు. అలాంటి ఇంట్లో పుట్టినవాడికి లేవడం నేర్పక్కర్లేదు. మర్యాద తెలిసిన మనిషని ఊరంతా మెచ్చుకుంది కూడా. ఆ మర్యాదే తీరా చేతికందబోయే ఉద్యోగానికి అడ్డం పడుతుందని ఎవరు మాత్రం అనుకుంటారు?

సంగతేమిటంటే, విశాఖపట్నంలో హార్బరుకి అవతల, సముద్రపొడ్డు దిబ్బమీద ఓ కంపెనీ గెస్టుహౌసు ఉండేది. ఎనభైల మొదట్లో, కొత్త ఫ్యాక్టరీ పనిమీద వచ్చిన విదేశీ ఇంజనీర్ల కోసం కట్టారు. ఉప్పుగాలికి తుమ్మ తప్ప మరోటి మొలవని నేలమీద లారీలకి లారీలు ఎర్రమట్టి పోసి పచ్చిక పెంచారు. ఇంజనీర్లు పని ముగించుకుని పోతూ పోతూ, ఓడలో తెచ్చుకున్న గడ్డికోసే బండినొకదాన్ని ఇక్కడే వదిలేశారు. చూడ్డానికి బొమ్మ ట్రాక్టరులా ఉంటుంది. దానిమీద కూర్చుని స్టీరింగు తిప్పుకుంటూ పోతే పొట్టకింద బ్లేడు గిర్రున తిరిగి గడ్డి కోసుకుంటూ పోతుంది. తోటపనివాళ్ళు దానికి గడ్డిబండి అని పేరు పెట్టేసుకున్నారు.

గురునాథరావూ, అతని భార్య చిలకమ్మా ఆ తోటలో రోజుకూలీలు. తెల్లారగట్ల పద్మనాభంలో బస్సెక్కితే పొద్దెక్కాక ఇక్కడ దిగేవారు. కామందుగారి ట్రాక్టరు తోలిన చెయ్యి కాబట్టి గడ్డిబండి గురునాథరావుకి అప్పగించాడు తోట సూపర్‌వైజరు సన్యాసిరాజు. అప్పగిస్తూ ఒక మాట కూడా చెప్పాడు. శుక్రవారం జనరల్ మేనేజరు వస్తాడట. ఆయన చూస్తుండగా బండి ఎక్కడా ఆగకుండా నడిస్తే గురునాథరావుకి పర్మనెంటు ఉద్యోగం, దాంతోపాటు రెండు గదుల క్వార్టరు. ఆగిందా, బండిని పాత సామాన్ల కింద అమ్మేస్తారు, అతని సంగతి మళ్ళీ మొదటికే.

చిలకమ్మ ఆ పూటే క్వార్టర్ల వైపు వెళ్ళి ఓ కిటికీలోంచి లోపలికి తొంగిచూసి వచ్చింది. పొయ్యి ఏ గోడవైపు పెట్టాలో, నీళ్ళబిందె ఎక్కడ దించాలో బస్సులో మొగుడికి చెప్పింది. బస్సు కుదుపులకి ఏళ్ళ తరబడి ఒళ్ళు హూనమైన మనిషి. ఆమె ఆశపడడంలో వింతేముంది?

బండి నడపడం నేర్పడానికి కామరాజు వచ్చాడు. గోదావరి జిల్లా నుంచి హార్బరుకి వచ్చి క్రేన్లు బాగుచేసే మెకానిక్కు. అతను వచ్చేసరికి బండికి పసుపు రాసి, బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి ఉన్నాయి. పక్కనే గురునాథరావు వట్టికాళ్ళతో నిలబడి ఉన్నాడు. కంపెనీ ఇచ్చిన బూట్లు షెడ్డు గుమ్మం బయట బుద్ధిగా జతగా ఉన్నాయి.

"బూట్లు అక్కడెందుకున్నాయయ్యా?" అన్నాడు కామరాజు.

"పూజ సేసిన బండి గదండీ. సెప్పుకాళ్ళతో ఎలగ ఎక్కుతాను?"

"దేవుడేమీ అనుకోడుగానీ ముందు తొడుక్కో. కింద తిరిగేది చక్రం కాదు, కత్తి."

కామరాజు ఓపికున్న మనిషి. బండిని షెడ్డులోంచి బయటికి తోయించాడు, లోపల స్టార్టు చేస్తే పొగ నిండిపోతుందని. ఇంజను చల్లగా ఉన్నప్పుడే పెట్రోలు పోయాలన్నాడు, ఆ దరిదాపుల్లో బీడీ వెలగకూడదన్నాడు. నూనె పుల్ల బయటికి లాగి, తుడిచి, మళ్ళీ ముంచి ఎంతుందో చూడమన్నాడు. ఆ తరవాత పచ్చిక మొత్తం కాలినడకన తిప్పాడు. రాయి, మేకు, కొబ్బరిచిప్ప ఏది ఉన్నా ఏరేయాలట. బ్లేడు కింద పడ్డ రాయి తుపాకీ గుండులా పోతుందట. చివరికి సీటెక్కించి, ఆపే పెడలు కాలితో అదిమిపెట్టి, బ్లేడు మీట కిందికి దించి, గేరు ఖాళీలో పెట్టి, చోకు లాగి తాళం తిప్పమన్నాడు. బండి దగ్గి, తుమ్మి, మొత్తానికి అందుకుంది.

"ఇంకోటి. కోత నడుస్తున్నంతసేపూ పచ్చికలో మనిషన్నవాడు ఉండకూడదు. నీ పెళ్ళామైనా సరే."

అన్నీ బాగానే ఉన్నాయి. అంతలో అటుగా సన్యాసిరాజు వచ్చాడు. గురునాథరావు లేచి నిలబడి దణ్ణం పెట్టాడు. బండి టప్పున ఆగిపోయింది.

మర్నాడూ అంతే. సన్యాసిరాజు రావడం, గురునాథరావు లేవడం, బండి ఆగడం. ఆ మర్నాడు గెస్టుహౌసు మేనేజరు వరండాలోకి వచ్చినా అదే తంతు. బండికి ఏదో రోగం ఉందని సన్యాసిరాజు కామరాజుని పిలిపించి కేకలేశాడు. కామరాజు నవ్వుతూ సీటు ఎత్తి చూపించాడు. దానికింద ఒక బొత్తాం ఉంది. మనిషి బరువు పడితే అది నొక్కుకుంటుంది. మనిషి లేస్తే పైకి తేలుతుంది, ఆ వెంటనే ఇంజను ఆగిపోతుంది.

"ఇది రోగం కాదండీ రాజుగారూ. నడిపేవాడు పడిపోయినా, దిగిపోయినా కత్తి తిరగకుండా పెట్టిన ఏర్పాటు. ఇతన్ని లేవద్దని చెప్పండి, చాలు."

చాలు అనేశాడుగానీ, అదేమంత చిన్న సంగతా? ఆ పూట గురునాథరావు ఇంటి అరుగుమీద కూర్చుని సాధన మొదలెట్టాడు. చిలకమ్మ తువ్వాలు భుజాన వేసుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, దొరలా పొట్ట ముందుకు పెట్టి ఎదురుగా నడిచొచ్చింది. గురునాథరావు రాయిలా కదలకుండా కూర్చున్నాడు.

"సూసినావా, నెగనేదు," అన్నాడు, లేవకుండా ఉన్నందుకు గొప్పగా.

"నన్ను సూసి ఎప్పుడు నెగిసినావు గనక," అంది చిలకమ్మ. ఇంతలో పక్కింటి ముసలాయన పోలిరాజు నశ్యండబ్బా కోసం ఇటు వచ్చాడు. గురునాథరావు అరుగుమీంచి లేచి నిలబడిపోయాడు. చిలకమ్మ నవ్వి నవ్వి చివరికి నవ్వడం మానేసింది. క్వార్టరు కిటికీ ఆమె కళ్ళముందు ఆడుతోంది మరి.

గురువారం మధ్యాహ్నం సన్యాసిరాజు చేతిలో జానెడు ఇనపతీగతో వచ్చాడు. అలవాటు ప్రకారం గురునాథరావు లేచాడు, బండి ఆగింది.

"ఒరే గురునాథం, నీ కాళ్ళు మారవు. బండినే మార్చేద్దాం. ఆ బొత్తాం కిందికి నొక్కి ఈ తీగతో బిగించీ."

"కామరాజుగారు ఒద్దన్నారు గదండీ."

"ఆయన హార్బర్లో క్రేను మీదున్నాడు. ఈ వారంలో ఇటు రాడు. రేపొక్కపూట పని జరిగిపోతే నీకు పర్మనెంటు, నాకు మాట దక్కుతాది. నీకు అక్కర్లేకపోతే సెప్పు, మన కూలీల్లో అబ్బులుకి ఇచ్చేస్తాను బండి."

గురునాథరావు తీగ అందుకున్నాడు. బిగించింది సన్యాసిరాజు కాదు, అతనే. పలుపుతాళ్ళు ముడేసిన చేతులు కదా, ముడి గట్టిగానే పడింది. స్టార్టు చేసి లేచి నిలబడ్డాడు. బండి ఆగలేదు. కింద బ్లేడు రొద పెడుతూనే ఉంది. సన్యాసిరాజు వీపు తట్టి వెళ్ళిపోయాడు.

ఆ క్షణం నించి గురునాథరావుకి కుదురు పోయింది. ఏం చేస్తున్నా మనసు సీటు కిందకే పోతోంది. నిన్నటిదాకా ఆ బండికి తనమీద మనిషి ఉన్నాడో లేడో తెలిసేది. ఇప్పుడు తెలీదు. పైగా దానికి కాలితో తొక్కి పరుగెత్తించే పెడలు లేదు, చేతిమీట ఒకసారి పెడితే చాలు, దానంతటది పోతూనే ఉంటుంది. కాలికింద ఉన్నది ఆపే పెడలొక్కటే. అది తొక్కాలన్నా మనిషి కూర్చుని ఉండాలి. అంటే ఇక ఆ కత్తికీ లోకానికీ మధ్య ఉన్నది తన కాళ్ళు. తన కాళ్ళ సంగతి తనకి తెలియదా?

బస్సులో కూర్చోలేకపోయాడు. సీటు ఖాళీగా ఉన్నా రాడ్డు పట్టుకుని నిలబడ్డాడు, మళ్ళీ కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు.

"ఏటయిందీ, ఒంట్లో బాగునేదా?" అంది చిలకమ్మ.

చెప్పాడు. ఆమె అంతా విని, పక్కకి జరిగి అతనికి సీట్లో చోటు చూపించింది.

"ఒక్కపూట గదా మావా. రేపు దొర ఎల్లిపోగానే ఇప్పేద్దువు. అంతవరకూ కాళ్ళు బిగబట్టుకు కూకో."

"కూకోగలిస్తే తీగెందుకే?"

 అతను ఇంటికెళ్ళి ముందున్న కంచంలో అన్నం కెలికి వదిలేశాడు. తీగ విప్పేస్తే ఉద్యోగం పోతుంది, ఉంచితే ఏం పోతుందో తెలీదు. తెలిసిన నష్టానికే మనిషి ఎక్కువ భయపడతాడు. గురునాథరావూ అంతే, తీగ ఉంచేద్దామనుకున్నాడు.

శుక్రవారం బండిని బయటికి తోశాడు. పెట్రోలు పోశాడు, నూనె చూశాడు. పుల్ల తుడిచానా లేదా అని అనుమానం వచ్చి మళ్ళీ చూశాడు. పచ్చికంతా ఒకటికి రెండుసార్లు తిరిగాడు. బూట్ల తాళ్ళు విప్పి మళ్ళీ కట్టాడు. ఒకసారి సీటు ఎత్తి తీగ మీద చెయ్యి కూడా వేశాడు. గేటు దగ్గర హారను వినబడింది. దించేశాడు.

అది జనరల్ మేనేజరు కారు కాదు, పాలవ్యాను. కానీ మళ్ళీ సీటు ఎత్తడానికి సన్యాసిరాజు టైమివ్వలేదు. ఆయన వెనకాల చిలకమ్మతో సహా ఆడకూలీలు గంపలతో వచ్చేశారు.

"వీళ్ళు పచ్చికలో కలుపు తీత్తుంటారు. నువ్వు సుట్టూ తిప్పుకుంటూ రా. దొర వచ్చేసరికి పని కళకళలాడుతూ కనబడాల."

"బండి తిరిగేటప్పుడు మనుసులుండకూడదండీ రాజుగారూ."

"నీ పెళ్ళాన్ని నువ్వే తొక్కేసుకుంటావా ఏటి? బేగి స్టార్టు సెయ్."

ఆడవాళ్ళు పచ్చిక మధ్యలో బారుగా గొంతుకూర్చున్నారు. చిలకమ్మ చివర్న కూర్చుంది. గురునాథరావు పెడలు అదిమి, గేరు చూసుకుని, చోకు లాగి తాళం తిప్పాడు. తొలి తిప్పుకే అందుకుంది. బ్లేడు మీట ఎత్తగానే రొద రెట్టింపైంది. ఆడవాళ్ళకి ఎంత దూరంగా పోగలడో అంత దూరంగా, క్రోటన్ మొక్కల్ని రాసుకుంటూ ఒక చుట్టు తిరిగాడు. ఇంకో చుట్టు తిరిగాడు. కళ్ళు గేటుమీదే పెట్టుకున్నాడు. కారు గేట్లోంచి వస్తుంది. అది రాగానే స్టీరింగు గట్టిగా పట్టుకుని, పిరుదులు సీటుకి అంటించేసి, ఏం జరిగినా లేవకూడదు. ఇదే మాట మంత్రంలా అనుకుంటూ తిరుగుతున్నాడు. చుట్టు చుట్టుకీ కోత లోపలికి జరుగుతోంది, ఆడవాళ్ళ బారు దగ్గరవుతోంది.

జనరల్ మేనేజరు గేట్లోంచి రాలేదు. సముద్రం చూడాలనిపించి కారు కింద వదిలేసి, వెనకవైపు మెట్లమీదుగా నడిచి ఎక్కాడు. తెల్ల చొక్కా, పండిపోయిన జుట్టు, పక్కన ఇద్దరు ఆఫీసర్లు. గురునాథరావు మలుపు తిప్పి తలెత్తేసరికి ఆయన ఎదురుగా ఉన్నాడు.

కాళ్ళు లేచిపోయాయి.

బండిమీద నిలబడిపోయాడు. చేతులు స్టీరింగు వదిలేసి ఒకదానికొకటి అంటుకున్నాయి. తల వంగింది. ఎంతసేపని? ఒక దణ్ణం పెట్టేంతసేపు. బండి మాత్రం దాని దారిన అది పోతోంది, పైన మనిషున్నాడో లేడో దానికేం పట్టింది?

అవతల ఆడవాళ్ళూ లేచారు. దొర వచ్చాడని తెలియగానే గంపలు వదిలేసి, కొంగులు తలమీదకి లాక్కుని, ఆయనవైపు తిరిగి తలలొంచుకుని నిలబడ్డారు. బండికి అందరూ వీపులే. ఒక్కరూ కదల్లేదు. పెద్దవాళ్ళ ముందు అటూ ఇటూ చూడకూడదని ఎవరి ఇంట్లో వాళ్ళకి ముందే నేర్పేశారు. వంచిన తల ఎత్తిన గురునాథరావుకి ఎదురుగా కనబడింది చిలకమ్మ వీపు. పిలిచాడు. బ్లేడు రొదలో ఆ పిలుపు తనకే వినబడలేదు.

ఎలా కూర్చున్నాడో అతనికి తెలీదు. కూర్చున్నాడనడం కంటే కూలిపోయాడనాలి. బూటు పెడలు మీద పడింది, రెండో బూటూ దానిమీదే పడింది. బండి ముక్కు దించి ఆగింది. చేత్తో బ్లేడు మీట దించేశాడు, తాళం తిప్పేశాడు. కింద బ్లేడు ఇంకా కాసేపు తిరిగి తిరిగి ఆగింది. 

"గుడ్," అన్నాడు జనరల్ మేనేజరు. ఆయనకి కనబడిందల్లా ఒక మనిషి లేచి దణ్ణం పెట్టడం, బండిని వరసలో నిలబడ్డవాళ్ళ వెనక చక్కగా తెచ్చి ఆపడం. "బాగా కంట్రోల్లో పెట్టాడే. ఇతనేనా డ్రైవరు?"

"ఇతనేనండీ. పర్మనెంటు సంగతి తమరికి మనవి చేశాను," అన్నాడు సన్యాసిరాజు.

"చేసేయండి. కాగితం పంపండి, సంతకం పెడతాను."

అంతే. ఇన్నాళ్ళుగా కోరుకున్న మాట నాలుగడుగుల దూరంలో వినబడింది. గురునాథరావుకి సంతోషం అన్నది ఒక్క పిసరు కూడా కలగలేదు. కాళ్ళు పెడలు మీద అలా బిగుసుకుపోయి ఉన్నాయి. దొరలు వరండావైపు నడిచారు, సన్యాసిరాజు వాళ్ళ వెంట వంగి వంగి పోయాడు.

చిలకమ్మ తలమీది కొంగు తీసి ఇటు తిరగబోయింది. మొహమంతా నవ్వు.

"ఇన్నావా మావా, సేసేయమన్నాడు..."

కొంగు రాలేదు. ఎవరో పరాచికానికి పట్టుకున్నారనుకుని గుంజింది. అప్పటికీ రాలేదు. వంగి చూసింది. వెనక వేలాడిన కొంగు చివర బండి ముందుచక్రం కింద ఉంది. చక్రం ఆమె మడమకి మూరెడు దూరంలో ఉంది. ఆమె కొంగు చూసింది, చక్రం చూసింది, చక్రం వెనకాల పొట్టకింద తడిగడ్డి అంటుకున్న కత్తి అంచు చూసింది. తరవాత మొగుడి మొహం చూసింది. నవ్వు ఎటు పోయిందో పోయింది.

"నాను నెగిసిపోనానే," అన్నాడు గురునాథరావు. గొంతు పిల్లాడి గొంతులా ఉంది. "నెగకూడదనుకుంటూనే నెగిసిపోనాను."

 అతను గేరు ఖాళీలో పెట్టి పెడలు వదిలాడు. ఆమె రెండు చేతులతో బండిని వెనక్కి నెట్టి కొంగు తీసుకుంది. లేతరంగు చీర మీద టైరు అచ్చు నల్లగా పడింది. దాన్ని దులపను కూడా దులపకుండా నడుముకి చుట్టి బిగించి దోపుకుంది.

"ఇప్పు."

అతను కొంచెం పక్కకి ఒరిగి సీటు కిందికి చెయ్యి పోనిచ్చాడు. ముడి వేళ్ళకి దొరకడం లేదు. తానే వేసిన ముడి. చిలకమ్మ పక్కకొచ్చి మోకాళ్ళమీద కూర్చుని, అతని చెయ్యి తోసేసి, తనే లాగడం మొదలెట్టింది. తీగ గుచ్చుకుని వేలు చివర రక్తం వచ్చింది. ఆమె ఆగలేదు.

"ఏయ్, ఏటి సేత్తన్నారక్కడ?"

సన్యాసిరాజు వరండా మెట్లు దిగి వస్తున్నాడు. దొరలు లోపల కాఫీ తాగుతున్నట్టున్నారు. ఆయన మొహంలో సంతోషం ఇంకా ఆరలేదు.

"దాన్ని ముట్టుకోకండి. పైవారం మరో దొర వత్తాడు. తీగ అలాగే ఉండనీ. కాయితం ఎల్లేది నా సేతుల మీదుగానే, గుర్తుంచుకో గురునాథం."

ఆ మాటలో బెదిరింపు దాచుకోవాలని కూడా ఆయన అనుకోలేదు. ఆయన తల్చుకుంటే ఆ కాగితం కదలదు, క్వార్టరు రాదు, రేపు బండిమీద అబ్బులు ఉంటాడు. ఈ సంగతి గురునాథరావుకి తెలుసు, చిలకమ్మకి ఇంకా బాగా తెలుసు. తీగ ఊడి ఆమె చేతిలోకి వచ్చింది. సీటు కింద బొత్తాం టిక్కుమని పైకి తేలబోయి, మనిషి బరువుకి మళ్ళీ అణిగింది.

సన్యాసిరాజు దగ్గరికి వచ్చేశాడు. గురునాథరావు మోకాళ్ళు బిగుసుకున్నాయి. ఒళ్ళు ముందుకి వంగింది.

చిలకమ్మ రక్తం అంటిన చేత్తో అతని మోకాలు అదిమిపట్టింది. నలుగురిలో మొగుణ్ణి ముట్టుకున్న మనిషి కాదు ఆమె.

"కూకో మావా."

కూర్చున్నాడు. సన్యాసిరాజు ఎదురుగా నిలబడి ఉన్నాడు, తను కూర్చుని ఉన్నాడు. ఏదో పెద్ద తప్పు చేస్తున్నట్టుంది. అయినా తల వంచకుండా ఆయన మొహంలోకే చూశాడు.

"తీగ తీసేసినామండీ రాజుగారూ," అన్నాడు కూర్చునే. "కాయితం మీ ఇష్టం."